ఊరు మరిచినా పటం మరవదు!

వానలే సరిగా కురవని చోట... వంక ఎటు పారేదో, చెరువు ఎంతమేర నిలిచేదో జనం మరిచిపోవడానికి రెండు తరాలు చాలు. ఎప్పుడో గీసిన పటం మాత్రం ఆ జాడను అలాగే దాచిపెట్టుకుంటుంది. రెండు శతాబ్దాల కిందటే కొలతగాళ్లు గొలుసులూ దుర్బిణులూ పట్టుకుని తిరిగిన గుత్తి సీమలో, పాత పటాలు చెప్పే నీళ్ల కథ ఇది.

గుత్తి కోట ఎక్కడమంటే మాటలు కాదు. చుట్టూ ఉన్న నేలకు దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. మెట్లూ ద్వారాలూ బురుజులూ దాటుకుంటూ, మధ్యలో నాలుగుచోట్ల కూలబడి, మొత్తానికి మురారిరావు కొలువుదీరేవాడని చెప్పే మండపం దగ్గరకు చేరితే... అప్పుడు కనిపిస్తుంది అసలు సీమ. కొంత ఎర్రనేల, కొంత నల్లరేగడి. మధ్యమధ్య ఎవరో కుప్పపోసినట్టు రాతిగుట్టలు. దూరంగా రైలుపట్టాలు. అక్కడక్కడా తళుక్కుమనే చెరువు... వానలు పడ్డ ఏడాదైతే! లేదంటే కట్ట మాత్రమే కనబడుతుంది, నీళ్లుండవు.

కోటపై నుంచి కనిపించే ఈ దృశ్యాన్నంతా చాప చుట్టినట్టు చుట్టి చంకన పెట్టుకోవచ్చు. దాని పేరు 57 ఇ/12. అదేదో బస్సు నంబరు అనుకునేరు. గుత్తి పట్టణం ఉన్న ప్రాంతానికి సర్వే ఆఫ్ ఇండియా పెట్టిన టోపోషీట్ నంబరది. అక్షాంశాల్లో పావు డిగ్రీ, రేఖాంశాల్లో పావు డిగ్రీ. అంటే అటూ ఇటూ సుమారు 27 కిలోమీటర్ల నేల... అరమీటరు కాగితంలో ఒదిగిపోతుంది. నేలమీద ఒక కిలోమీటరు ఇందులో రెండు సెంటీమీటర్లు.

రోడ్డు మ్యాపు ఎటు వెళ్లాలో మాత్రమే చెబుతుంది. టోపోషీట్ అలా కాదు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, వానపడితే చుక్క ఎటు జారుతుంది, ఏ చెరువుకు ఏ వంక కలుస్తుంది, బావి ఎక్కడుంది, గుడి ఎక్కడుంది, మేత బీడు ఎక్కడుంది... అన్నీ చెబుతుంది. చదవడం రావాలంతే.

రంగుల భాష

చదవడం పెద్ద విద్యేమీ కాదు. ఏడో తరగతి పిల్లలు కూడా గంటలో నేర్చుకుంటారు. గోధుమరంగు గీతలు సమోన్నత రేఖలు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ సాగే గీతలన్నమాట. అవి దగ్గరదగ్గరగా ఉంటే నిటారు గుట్ట. ఎడంగా ఉంటే చదును నేల. పసుపు రంగుంటే సేద్యం చేసే భూమి. పచ్చదనం అడవి. ఏ రంగూ వేయకుండా తెల్లగా వదిలేస్తే సాగులో లేని నేల. ఇళ్లూ రోడ్లూ ఎరుపు.

నీళ్ల విషయానికొస్తే... ఏడాది పొడవునా నీళ్లుంటే నీలం. ఎండిపోయే వాగులూ వంకలకు నల్లగీత. గోదావరి జిల్లాల పటం తీస్తే నీలం కళ్లకు కడుతుంది. గుత్తి పటం తీస్తే నల్లగీతలే చెట్టుకొమ్మల్లా పాకి ఉంటాయి. అది చిత్రకారుడి ఇష్టం కాదు, ఈ నేల తలరాత. అనంతపురం జిల్లాలో సగటున ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతాయి. మధ్యలో చిక్కుకున్న పీఠభూమి ఇది.

అందుకే ఇక్కడి పెద్దలు పారే నీటిని నమ్ముకోలేదు, నిలిపే నీటిని నమ్ముకున్నారు. 1364లో విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు పేరుమీదే అనంతపురం వెలిసిందంటారు. ప్రతి వంకకూ ఒక కట్ట, ఆ కట్ట నిండి పొర్లితే దిగువన ఇంకో కుంట. దండలో పూసల్లా వరసగా చెరువులు. టోపోషీట్‌లో ఈ గొలుసుకట్టు ఒక్కచూపులో తెలిసిపోతుంది. చెరువుకట్ట పక్కన '4ఆర్' లాంటి చిన్న గుర్తు కూడా ఉంటుంది. చుట్టూ నేలకన్నా కట్ట నాలుగు మీటర్ల ఎత్తుందని దానర్థం. నేలమీద కట్ట తెగి, మట్టి కరిగి, ఎత్తెంతో ఎవరికీ గుర్తులేకపోయినా... కాగితం మీద ఆ అంకె చెక్కుచెదరదు.

పేర్లలోనే ఊరి పుట్టుక

పటంలో అంకెలకన్నా ముందు పలకరించేవి పేర్లు. గుత్తి చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చూడండి. ఊటకల్లు... ఊట ఉన్న రాతినేల అని పేరే చెబుతోంది. జక్కలచెరువు... ఊరికన్నా ముందు చెరువు పుట్టిందేమో అనిపించే పేరు. కరిడికొండ... పక్కనే కన్నడ సీమ, ఆ భాషలో 'కరడి' అంటే ఎలుగుబంటి. కొండకూ ఎలుగుకూ సంబంధం ఉందేమో!

ఇక అబ్బేదొడ్డి. సీమలో దొడ్డి అంటే పశువుల్ని కట్టేసే చోటని వేరే చెప్పక్కర్లేదు. గుత్తి నుంచి పత్తికొండ వైపు వెళితే 'దొడ్డి'తో ముగిసే ఊళ్లు ఇంకా తగులుతాయి. మంద విడిసిన చోట దొడ్డి వెలిసింది. దొడ్డి పక్కన గుడిసె లేచింది. గుడిసెలు కలిసి ఊరైంది. అంటే ఈ సీమ పంటల సీమే కాదు, పశువుల సీమ కూడా. ఈనాటికీ గొర్రెల సంఖ్యలో అనంతపురానిది రాష్ట్రంలో ముందువరసే. కోసిన చేలల్లో గొర్రెల మంద కట్టించుకుని ఎరువుగా మార్చుకోవడం రైతుకు తెలుసు. వేసవి వస్తే మందను తోలుకుని నీళ్లూ మేతా ఉన్న చోటికి వలసపోవడం కాపరికి తెలుసు. పటంలో తెల్లగా వదిలేసిన బీళ్లు చూసేవాళ్లకు ఖాళీ జాగాలు. మందకు మాత్రం అవే వడ్డించిన విస్తళ్లు.

నాలుగు గొలుసులతో మొదలు

ఇంతకీ ఈ నేలను మొదట కొలిచిందెవరు? 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలన్న పేరొచ్చింది. తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. శిస్తు వేయాలంటే భూమి ఎంతుందో తెలియాలి కదా! 1802లో సర్వే మొదలుపెట్టాడు. అప్పటికి భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు ఆయనకు దొరికింది నలుగురే. వాళ్లతో మొదలుపెట్టి, స్థానికులకు పని నేర్పించి, ఆ సంఖ్యను వందదాకా పెంచాడు.

వాళ్ల చేతిలోని గొలుసు పొడవు 33 అడుగులు. ఎందుకూ అంటే... 33 అడుగుల చదరం ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. లెక్క చిటికెలో తేలుతుంది. చేను చేనుకూ తిరిగి, మెట్ట ఎంత, తరి ఎంత, బంజరు ఎంత అని రాసుకున్నారు. గుత్తితో మన్రో బంధం అక్కడితో తెగిపోలేదు. మద్రాసు గవర్నరయ్యాక 1827లో ఈ సీమ చూడ్డానికి మళ్లీ వచ్చాడు. జులై 6న పత్తికొండ దగ్గర కలరాతో కన్నుమూశాడు. మొదట ఖననం చేసింది గుత్తి కోట కిందే. తర్వాత అస్థికల్ని మద్రాసు తరలించారు.

మన్రో కొలిచింది చేలను. అవన్నీ కలిపితే దేశం ఆకారం రాదు. దానికి ఇంకో రకం కొలత కావాలి. దాన్ని తెచ్చినవాడు విలియం లాంబ్టన్.

భూగోళాన్నే కొలిచారు!

1802లో మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన పని, తర్వాత మహా త్రికోణమితి సర్వేగా పేరు పొందింది. ఉపాయం తేలికే. నేలమీద ఒక సరళరేఖను అంగుళం తేడా రాకుండా కొలవాలి. ఆ రెండు కొనల నుంచీ దూరంగా ఉన్న కొండ శిఖరాన్ని చూసి కోణాలు కొలవాలి. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా త్రిభుజం లెక్కలో వచ్చేస్తుంది. దాని భుజం మీద ఇంకో త్రిభుజం... అలా కొండ నుంచి కొండకు దూకుతూ దేశమంతా చుట్టేయొచ్చు.

చెప్పినంత సులువా? కోణాలు కొలిచే థియడలైట్ బరువు అరటన్ను! ఇంగ్లండు నుంచి వస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్లు ఓడతో సహా పట్టుకుపోయి, సంగతి తెలిశాక మర్యాదగా తిరిగి పంపిన యంత్రమది. 1808లో తంజావూరులో గుడి గోపురం మీదికి లాగుతుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. వంగిపోయిన దాని చక్రాన్ని లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని తనే సరిచేసుకున్నాడు.

అలా దక్షిణం నుంచి త్రిభుజాలు అల్లుకుంటూ వచ్చిన ఆ దండు 1811లో గుత్తి చేరింది. అప్పటిదాకా వేసిన లెక్కలు నిజమో కాదో తేల్చుకోవాలంటే మళ్లీ ఒక రేఖను నేలమీద కొలిచి చూడాలి. ఆ పరీక్షకు ఎంచుకున్న చోట్లలో గుత్తి ఒకటి. వంద అడుగుల ఉక్కు గొలుసు. ఎండకు ఉక్కు సాగితే లెక్క తప్పుతుంది కాబట్టి దానికి నీడ పట్టాలి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టాలి. గుత్తి ఎండ ఎలాంటిదో తెలిసినవాళ్లకు ఆ కష్టం వేరే చెప్పాలా!

గుత్తి దగ్గర 'నామ్తాబాద్' అని లాంబ్టన్ రాసుకున్న చోట నక్షత్రాలను చూసి అక్షాంశం లెక్కగట్టారు. 15 డిగ్రీల 6 నిమిషాలకు కాస్త తక్కువ అని తేలింది. కన్యాకుమారి దగ్గరి పున్నై నుంచి గుత్తి దాకా దాదాపు ఏడు డిగ్రీల చాపం అది. భూమి గుండ్రంగా ఉందా, ధ్రువాల దగ్గర ఎంత నొక్కుకుపోయిందన్న ప్రశ్నకు జవాబు వెతికే శాస్త్రవేత్తలకు ఆ కొలత ఎంతో విలువైంది. అదే చాపాన్ని తర్వాత జార్జ్ ఎవరెస్ట్ హిమాలయ పాదాల దాకా తీసుకెళ్లాడు. కరవు సీమ అని మనం పెదవి విరిచే గుత్తి నేల... భూగోళం ఆకారం తేల్చిన లెక్కలో ఒక మెట్టు!

ఆ దండులో జెండాలు పట్టినవాళ్లు, గొలుసు లాగినవాళ్లు, యంత్రాన్ని కొండలమీదికి మోసినవాళ్లు ఎందరో. వాళ్ల పేర్లు మాత్రం ఏ పటంలోనూ ఉండవు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ బృందం దత్తమండలాల్లో స్థల సర్వే చేస్తోంది. మద్రాసు సర్వే బడిలో చదువుకున్న కుర్రాళ్లు ఊరూరా తిరిగి కొండలూ వంకలూ చెరువులూ దారులూ గీశారు. మరోపక్క ఏలూరుకు చెందిన కావలి సోదరుల్లాంటి పండితులు ఊళ్ల కైఫీయతులు సేకరించారు. ఊరెలా పుట్టింది, చెరువెవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు... ఇవన్నీ కరణాల నోటా రెడ్ల నోటా విని తెలుగులోనే రాసిపెట్టారు. పటం చెరువు ఎక్కడుందో చెబితే కైఫీయతు దాని కథ చెబుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఊరి జాతకం చేతిలో ఉన్నట్టే.

1905 తర్వాత సర్వే ఆఫ్ ఇండియా మైలుకు అంగుళం చొప్పున రంగుల పటాలు గీయించడం మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక మెట్రిక్ కొలతలకు మారి, యాభైవేలకు ఒకటి నిష్పత్తిలో కొత్త టోపోషీట్లు తెచ్చింది. అవే పద్ధతులూ, దాదాపు అవే గుర్తులూ. కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన పరిచి పోల్చడం సులువు.

నీళ్లకు దారి గుర్తుంటుంది

పోల్చితే ఏం తెలుస్తుంది? సీమ జీవితం ఎలా మారిందో తెలుస్తుంది. గత శతాబ్దం రెండో సగంలో అనంతపురం జిల్లా వేరుసెనగకు మారుపేరైంది. లక్షల హెక్టార్లలో అదే పంట. పటంలో తెలుపు తరిగి పసుపు పరుచుకుంది. సేద్యం పెరగడం మంచిదే. కానీ మేత బీడు తగ్గితే మంద ఎక్కడికి పోవాలి? బావుల స్థానంలో బోర్లు వచ్చాయి. బోరు వచ్చాక చెరువును పట్టించుకునేవాళ్లు తగ్గారు. పూడిక పెరిగింది. వంకకు అడ్డంగా దారి పడింది, చేను కలిసింది, ఇల్లు లేచింది. 'ఎప్పుడూ నీళ్లు రావు కదా' అన్న ధీమా!

కరవు సీమలో ఆ ధీమా ఎంత ప్రమాదమో 2022 అక్టోబరులో అనంతపురం నగరం కళ్లారా చూసింది. భారీ వానలకు నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. జనాన్ని పడవల్లో బయటికి తీసుకురావాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి నోరెండిన జిల్లా కేంద్రంలో పడవలు! నీళ్లేమీ దారి తప్పలేదు. పాత పటంలో నల్లగీత ఎటు పోతుందో అటే పోయాయి. ఆ దారిలో మనం ఇళ్లు కట్టుకున్నామంతే.

అందుకే ఈ కాగితాలు గతాన్ని తలుచుకుని మురిసిపోవడానికి మాత్రమే కాదు. 1994లో ఆర్థికవేత్త సి.హెచ్.హనుమంతరావు కమిటీ వాటర్‌షెడ్ పనులకు కొత్త దారి చూపించింది. ఊరి ఎల్లలు పట్టుకుని కాదు, వాననీరు చేరే పరీవాహకం పట్టుకుని పనిచేయమంది. సుమారు 500 హెక్టార్లు ఒక వాటర్‌షెడ్. మరి ఆ హద్దు ఎక్కడుందో తెలిసేదెలా? టోపోషీట్‌లో సమోన్నత రేఖలు చూసే! గట్టు ఎక్కడ, పల్లం ఎక్కడ అని చూసుకుని... పైన కందకం, మధ్యలో రాతికట్ట, కింద చెక్‌డ్యామ్. అనంతపురం జిల్లాలో ఇలాంటి పనులెన్నో జరిగాయి.

హంద్రీ-నీవాదీ అదే కథ. శ్రీశైలం వెనక జలాల్లోని మల్యాల దగ్గర కృష్ణా నీటిని ఎత్తిపోసి, మెట్టుమెట్టుగా పైకి తెచ్చి, 2012లో జీడిపల్లి జలాశయానికి చేర్చారు. కాలువ వంకర్లు తిరిగేది సరదాకి కాదు... సమోన్నత రేఖ వెంట నడవాలి కాబట్టి. కాలువ వచ్చింది సరే, ఆ నీళ్లతో ఊరి చెరువు నింపాలంటే? పాత వంక ఎటు పోయేదో మళ్లీ వెతకాల్సిందే. అప్పుడు తాతలనాటి పటమే దిక్కు.

పటం చెప్పనివీ ఉన్నాయి

అలాగని పటమే సర్వస్వం కాదు. టోపోషీట్‌లో చెరువు ఆకారం ఉంటుంది కానీ సర్వే నంబర్లుండవు. హద్దు తగాదా వస్తే చెల్లేది రెవెన్యూ రికార్డే. గ్రామపటం, ఎఫ్ఎంబీ, పాత రిజిస్టర్లలో చెరువు పోరంబోకు, వంక పోరంబోకు, మేత పోరంబోకు అని రాసిపెట్టిన నేలను ఎవరూ సొంతం చేసుకోవడానికి వీల్లేదు. ఊరి చెరువులూ కుంటలూ కాపాడాల్సిందేనని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆక్రమించిన ఊరుమ్మడి నేలల్ని తిరిగి ఊరికి అప్పగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ఉండనే ఉంది. రికార్డు 'ఇది ఎవరిది' అని చెబుతుంది. టోపోషీట్ 'ఇక్కడ ఏముండేది' అని చెబుతుంది. రెండూ కలిస్తేనే సాక్ష్యం బలపడుతుంది.

ఇక ఏ పటంలోనూ దొరకనివి మనుషుల దగ్గరే దొరుకుతాయి. వేసవిలో మంద ఏ దారిన పోయేది, ఏ చెట్టు కింద చెలమ తవ్వితే నీళ్లు పడేవి, ఏ చెరువు ఏ ఏడు అలుగు పారింది... ఇవి ఊళ్లో జేజినో, మంద కాసిన పెద్దాయననో అడగాల్సిందే.

దూరదేశాల్లోనూ ఇదే తీరు. అమెరికా పడమట నెవాడా, ఆరెగాన్ వైపు మన సీమలాంటి మెట్ట ఎడారి ఉంది. పశువులే అక్కడి బతుకుతెరువు. ఆ దేశపు భూవిజ్ఞాన సర్వే సంస్థ 1884 నుంచి గీసిన పటాలను లక్షకు పైగా కంప్యూటర్లోకి ఎక్కించి జనానికి ఉచితంగా ఇచ్చింది. ఏ లోయలో ఊట ఉంది, ఎక్కడ పశువుల తొట్టి ఉండేదని పాత పటాలు తిరగేస్తే తెలిసిపోతుంది. నీళ్లు తక్కువైన చోట పాత కాగితానికి విలువెక్కువ. ఎడారి ఎక్కడైనా ఒకటే!

మనకూ ఆ వీలుంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ ఊరి పటం ఒకటి పట్టుకెళ్లండి. ఇంటి పెద్దల్ని చెరువుకట్ట మీదికి తీసుకెళ్లి పటం పరిచి, పక్కన పిల్లల్ని కూర్చోబెట్టండి. 'ఇదిగో, ఈ నల్లగీతే మన వంక' అని పెద్దాయన వేలుపెట్టి చూపిస్తే... ఆ గీత ఇంకో తరానికి గుర్తుండిపోతుంది. రేపు ఎవరైనా ఆ వంకలో మట్టి పోయబోతే, ఆగమని చెప్పడానికి ఊళ్లో ఒకరుంటారు.

మీ ఊరి పటం కావాలంటే...

* మీ ఊరి అక్షాంశం, రేఖాంశం తెలిస్తే టోపోషీట్ నంబరు తేలిగ్గా దొరుకుతుంది. గుత్తి 57 ఇ/12లో ఉంది.

* 2017లో సర్వే ఆఫ్ ఇండియా తన 250 ఏళ్ల వేడుకల సందర్భంగా పౌరులు టోపోషీట్లను ఇంటర్నెట్ నుంచి ఉచితంగా తీసుకునే వీలు కల్పించింది. 2021లో కేంద్రం పటాల నిబంధనలను మరింత సడలించింది.

* 1950ల్లో అమెరికా సైన్యం రెండున్నర లక్షలకు ఒకటి నిష్పత్తిలో ముద్రించిన భారతదేశ పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయం ఇంటర్నెట్లో ఉంచింది. ఊరి వివరాలు తక్కువే కానీ, అప్పటి చెరువులూ రైలుదారులూ చూడొచ్చు.

* ఇప్పటి దృశ్యంతో పోల్చుకోవడానికి, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే 'భువన్'లో ఉపగ్రహ చిత్రాలు దొరుకుతాయి.

* హద్దుల సంగతికి మాత్రం తహసీల్దారు కార్యాలయంలో గ్రామపటం, ఎఫ్ఎంబీ నకళ్లు అడగాలి.